కింది దీపం, పై దీపం

ఆకాశంలో కనబడ్డ వెలుగులన్నీ నేనే పెట్టానని ప్రభుత్వం వారు ప్రకటన ఇచ్చారు. పేరు వేయలేదు గాని "తీర గ్రామానికి చెందిన ఒక మహిళ" అని వేశారు. బెజవాడ బ్యారేజీ మీద బస్సులు ఆపుకుని జనం చూసిన వెలుగులు, గుణదల కొండ మెట్ల మీద నిలబడి చూసినవి, మంగళగిరిలో మగ్గాలు వదిలేసి వీధిలోకొచ్చి చూసినవి, నలభై రోజులవీ కలిపి నావేనట. యాభై అరవై మైళ్ళ అవతల మంగళగిరి వాళ్ళకి కనబడేలా మంట పెట్టగల దాన్నైతే, అంగన్‌వాడీలో పిల్లలకి ఉప్మా కలుపుతూ ఎందుకు కూర్చుంటాను? ఆ కాగితం చదివినప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నా పేరు నాగలక్ష్మి. కృష్ణ సముద్రంలో కలిసే చోట లంకతిప్ప అని నలభై గడపల పల్లె మాది. చేపల వేట తప్ప మాకు వేరే బతుకు లేదు. పదో తరగతి పాసైన కోడల్ని ఊళ్ళో నేనొక్కదాన్నే కాబట్టి అంగన్‌వాడీ నాకిచ్చారు. మా ఆయన కాశీరావుకి ఇంజను పడవ ఉంది. మరో ముగ్గుర్ని వేసుకుని వెళితే మూడు నాలుగు రోజులు సముద్రం మీదే ఉంటాడు.

ఆ వెలుగులు 2002 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. పొద్దుగూకిన అరగంటకి నారింజ రంగులో రెండో మూడో వచ్చేవి. ఒక్కోసారి పక్కపక్కన, ఒక్కోసారి ఒకదాని మీదొకటి. చప్పుడుండేది కాదు. ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడి ఆరిపోయేవి. నేనూ చూశాను. భయం వేయలేదని గొప్పలు చెప్పను, వేసింది. మా అత్త గంగారత్నం మాత్రం ఓసారి తలెత్తి చూసి, "ఆటికి మనతో పని లేదు, మనకి ఆటితో పని లేదు. లోపలికొచ్చి అన్నం తిను" అంది.

ఆవిడలా ఊరుకోగలిగిన వాళ్ళు తక్కువ. పేపర్లు ఎగిరే పళ్ళాలని రాశాయి. పైవాళ్ళు దిగుతున్నారని కొందరు, పక్క దేశం వాళ్ళ విమానాలని కొందరు. చీకటి పడేసరికి వీధుల్లో మనిషి ఉండేవాడు కాదు. ఒక ఊళ్ళో లాంతరు పట్టుకుని పోతున్న కొత్త మనిషిని రాళ్ళతో కొట్టారు. అప్పటికి ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. ఒక కమిటీ వేసి, గవర్నర్‌పేటలో గది తీసుకుని, చూసిన వాళ్ళందరి చేతా ఫారాలు నింపించారు. ఆ ఫారాలు చదివి చదివి వాళ్ళొక సంగతి తేల్చారు. దాన్ని రుజువు చెయ్యడానికి హేమసుందర్ అనే ఆఫీసరు మా తీరానికొచ్చాడు.

ఇక్కడ మా దీపాల సంగతి చెప్పాలి. మా మొగ, అంటే నది సముద్రంలో పడే నోరు, నిండా ఇసుక మేటలే. వాటి నడుమ పది బారల వెడల్పున లోతైన దారి ఒకటుంది. పడవ అందులోంచే రావాలి, అదీ పోటు మీద నీళ్ళు నిండుగా ఉన్నప్పుడే రావాలి. ఒడ్డున ఒక గుంజ మీద పెట్రోమాక్సు ఒకటి పెడతాం, అది కింది దీపం. దానికి వెనక రెండొందల అడుగుల దూరంలో మిట్ట మీదున్న తాటిచెట్టుకి ఇంకోటి కడతాం, అది పై దీపం. సముద్రం మీంచి చూస్తే రెండూ సరిగ్గా ఒకదాని మీదొకటి నిలబడ్డాయా, పడవ దారిలో ఉన్నట్టు. పై దీపం పక్కకి జరిగిందా, మేటకి ఎక్కబోతున్నట్టు. ఇసుక జరిగినప్పుడల్లా గుంజ కూడా జరపాలి. ఆ పని ఆడవాళ్ళది. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం గాలికి పై దీపం ఆరిపోయి, ఎవరూ చూసుకోక, ఒక పడవ మేటకెక్కి తిరగబడింది. మా మరిది శివాజీ అందులోనే పోయాడు.

ఈ రహస్యం బయటికి చెప్పకూడదు. పక్కనే ఉప్పుదిబ్బ అని ఇంకో పల్లె ఉంది. వాళ్ళకీ మాకూ పడదు. మొగలో దారి తెలిస్తే వాళ్ళ పడవలన్నీ మా రేవుకే వస్తాయి, ఐసు బండీ చేపల బేరగాళ్ళూ వాళ్ళ చుట్టూనే తిరుగుతారని మా వాళ్ళ భయం. అందుకని పరాయివాళ్ళు అడిగితే అవి అమ్మవారి దీపాలంటాం. గుంజకి పసుపు పూసి బొట్టు పెడతాం, తాటిచెట్టుకి పూలదండ వేస్తాం. అసలు సంగతి నాకు కూడా కాపురానికొచ్చిన మూడేళ్ళ దాకా చెప్పలేదు. అంత గట్టి నోళ్ళు.

శనివారం పొద్దున్న మా అంగన్‌వాడీ పాకలోనే సమావేశం పెట్టారు. మా ఊరి ఆడవాళ్ళంతా వచ్చారు. ఉప్పుదిబ్బ నుంచి వాళ్ళ పెద్ద ఇశ్రాయేలు ఓ పదిమందిని వెంటబెట్టుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. హేమసుందర్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మర్యాదగానే మాట్లాడాడు.

"రొయ్యల చెరువుల లైట్లూ మీ ఊళ్ళ దీపాలూ సముద్రం మీదుండే తేమ పొరకి తగిలి ఆకాశంలో కనిపిస్తున్నాయని మా కమిటీ అనుమానమండీ. సోమవారం నుంచి మూడు సాయంత్రాలు, ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా తీరంలో ఒక్క దీపం వెలగకూడదు. అప్పుడు పైన ఏమీ కనబడకపోతే జనానికి ధైర్యం చెప్పొచ్చు."

ప్రతి ఇంట్లో ఎన్ని దీపాలున్నాయో జాబితా రాసే పని నాకు అప్పగించారు. రాసిచ్చాను. ఆయన అది చదివి తలెత్తాడు.

"ఒడ్డున గుంజ మీదొకటి, ఇక్కడ తాటిచెట్టుకొకటి పెట్రోమాక్సులు చూశాను. ఇందులో లేవేంటి టీచర్ గారూ?"

నేను మా అత్త వంక చూశాను.

"పడవలకి గుర్తులా అవి? అలాగైతే చెప్పండి. వాటిని వదిలేసే అధికారం నాకుంది."

అంత విప్పి అడిగాడు మహానుభావుడు. మా ఆడవాళ్ళంతా నా వంకే చూస్తున్నారు. ఇశ్రాయేలు గుమ్మంలో కూర్చుని పైకప్పు తాటాకులు లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. మా అత్త కొంగు సర్దుకుంది.

"గుర్తులేం కాదు బాబూ. అమ్మోరి దీపాలు. మూడ్రోజులు ఎలిగించకపోతే అమ్మోరేం అనుకోదులే" అంది.

"నిజమేనా టీచర్ గారూ?"

"నిజమేనండీ" అన్నాను. మా ఊరి పడవలు అప్పటికి అన్నీ ఒడ్డుకి చేరాయి, ఒక్క మా ఆయనది తప్ప. అదీ ఆదివారం పొద్దున్నే రావాలి. పగటిపూట దీపంతో పనేముంది, బుధవారం దాకా వేటకి వెళ్ళకుండా కూర్చుంటే సరి, అనుకున్నాను. హేమసుందర్ కాగితం ముందుకి తోశాడు. 'పూజ నిమిత్తం వెలిగించు దీపములు రెండు. పడవలకు సంబంధము లేదు' అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. దస్తూరీ బాగుందని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

ఆదివారం పొద్దున్న పడవ రాలేదు. సాయంత్రమూ రాలేదు. ఆ రాత్రి దీపాలు రెండూ వెలిగించి నూనె అయిపోయేదాకా కూర్చున్నాం. ఇంజను మొరాయించి ఉంటుంది, లేదా చేప బాగా పడి ఆగి ఉంటారు. ఇలా అనుకోవడం మాకు అలవాటే. కానీ తాగే నీళ్ళు నాలుగు రోజులకే తీసుకెళతారు. సోమవారం ఎలాగైనా రావాలి. సోమవారం పగలు పోటు సరిగా లేదు, మొగలో నీళ్ళు మోకాలి లోతే. నీళ్ళు నిండేది సాయంత్రం ఏడింటికి. గంటసేపు నిలబడి తీసేస్తాయి. ఇది తలకెక్కేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అత్తా, నేనెళ్ళి చెప్పేస్తాను" అన్నాను.

"ఏం చెప్తావే? ఆ ఉప్పుదిబ్బోళ్ళు ఆ ఆఫీసరు కాడే కూకునున్నారు, ఆయనకి చెప్తే మైకులో చెప్పినట్టే."

"చెప్పకపోతే మీ అబ్బాయి ఏమైపోతాడు?"

ఒక కొడుకుని ఆ మేట మీదే పోగొట్టుకున్న మనిషి. "ఎల్లు" అంది, నా వంక చూడకుండా.

సరుగుడు తోటలో గుడారం వేసుకుని ఉన్నాడు హేమసుందర్. మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగిస్తున్నాడు. ఇశ్రాయేలు, అతని వాళ్ళు నిజంగానే ఆ నీడలో కూర్చుని ఉన్నారు. వాళ్ళకి వినబడకుండా గొంతు తగ్గించి చెప్పాను. ఆయన సంచీలోంచి నా కాగితం తీసి నా ముందే పెట్టాడు.

"ఇది మీ దస్తూరీయే కదండీ?"

"నాదేనండీ. అబద్ధం రాశాను."

"శనివారం నేను అడిగాను కదా. అందరి ముందూ అడిగాను."

"అడిగారండీ. తప్పు నాదే. మా ఆయన పడవ బయట ఉంది, నలుగురున్నారు."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. "పొద్దుట్నుంచి మీరు ఏడోవారు. ఒకాయన గేదె ఈనుతోందంటాడు, ఒకాయన చెరువులో రొయ్య చచ్చిపోతుందంటాడు. అందరికీ దీపం కావాలి. ఒక్కదానికి ఒప్పుకుంటే ఈ పరీక్ష దేనికీ పనికిరాదు. మీ వారిని తొమ్మిదింటి దాకా బయటే ఆగమనండి."

"ఎలా అనమంటారు? కేకేసి చెప్పమంటారా సముద్రానికి? తొమ్మిదింటికి నీళ్ళుండవండీ."

"మండలాఫీసు నుంచి రాయించుకు రండి. అప్పుడు నాకేం అభ్యంతరం లేదు."

మండలాఫీసుకి వెళ్ళాలంటే రేవు దాటి బస్సెక్కాలి. అప్పటికి మూడు దాటింది. వెళ్ళి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన కెమెరా వైపు తిరిగాడు. మంచివాడే, కానీ ఆయన దగ్గర నా సంతకం ఉంది. అయిదింటికి కానిస్టేబులు రత్తయ్య జీపులో వచ్చి పెట్రోమాక్సులు రెండూ, ఇళ్ళల్లో ఉన్న కిరసనాయిలు డబ్బాలూ పట్టుకుపోయాడు. "ఏమనుకోకు టీచరమ్మా, పై నుంచి ఆర్డరు" అన్నాడు. ఏమనుకోవాలో నాకు బాగా తెలుసు. పైకి అనలేదు.

ఆరుంపావుకి చీకటి పడింది. అలాంటి చీకటి మా తీరంలో నేనెప్పుడూ చూడలేదు. రొయ్యల చెరువుల లైట్లు లేవు, ఊళ్ళో పొయ్యి కూడా లేదు. కెరటాలు తెల్లగా విరుగుతున్నచోట తప్ప నీళ్ళెక్కడో ఇసుకెక్కడో తెలియడం లేదు. రెండు ఊళ్ళ జనం ఒడ్డున బారులు తీరి నిలబడ్డారు. మా అత్త గుంజని పట్టుకుని నిలబడింది. గుంజ మీద దీపం లేదు.

ఏడు కావస్తుండగా గాలి వాలున చప్పుడు వినిపించింది. మా ఇంజను చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది, మూడు దెబ్బలకి ఒకసారి దగ్గుతుంది. ఎదురుగానే, మైలు దూరంలో. వచ్చాడు, బతికున్నాడు, అనుకునేలోపు జనంలో కలకలం రేగింది.

దక్షిణాన మడ చెట్ల పైన వెలుగులు వచ్చాయి. రెండు, నారింజ రంగువి. ఒకదాని మీదొకటి, చెట్ల తలలకి కాస్త ఎత్తులో, దారంతో కట్టి వేలాడదీసినట్టు నిలబడ్డాయి.

హేమసుందర్ "దీపాల్లేవు. ఒక్కటి కూడా లేదు" అంటూ కెమెరా నొక్కుతున్నాడు. జనమంతా దణ్ణాలు పెట్టేవాళ్ళు పెడుతూ అటే చూస్తున్నారు. నేను చూడలేదు. నేను ఇంజను చప్పుడు వింటున్నాను. అది ఎదురుగా రావడం మానేసింది. మెల్లగా పక్కకి తిరిగింది. దక్షిణానికి.

నాలుగు రోజులు నీళ్ళ మీదుండి అలిసిపోయినవాడికి నల్లటి ఒడ్డు మీద రెండు దీపాలు ఒకదాని మీదొకటి కనబడితే ఏమనుకుంటాడు? తన పెళ్ళాం, తన తల్లి తన కోసం పెట్టారనుకుంటాడు. నమ్మి నేరుగా పోతాడు. ఆ మడ చెట్ల ముందున్నది శివాజీ పోయిన మేటే.

మిట్ట మీదికి పరుగెత్తాను. తాటిచెట్టు మొదట్లోనే మా అంగన్‌వాడీ పాక. లోపల పిల్లల వంటకి వాడే స్టవ్వు ఉంది. అది దీపం కాదు కాబట్టి నేను జాబితాలో రాయలేదు, రత్తయ్య పట్టుకుపోలేదు. అందులోని కిరసనాయిలు తడికె మీద ఒంపాను. నాలుగేళ్ళుగా పిల్లల బరువులు రాసుకున్న రిజిస్టర్లు, మా పాప మొదటిసారి అక్షరాలు దిద్దిన పలకా లోపలే ఉన్నాయి. తీసే సమయం లేదు. అగ్గిపుల్ల గీశాను. ఎండిన తాటాకు ఒక్కసారిగా భగ్గుమంది. పై దీపం వెలిగింది.

కింది దీపం లేకపోతే అది ఎందుకూ పనికిరాదు. మండుతున్న మట్ట ఒకటి లాగి పట్టుకుని ఒడ్డుకి పరుగెత్తాను. రత్తయ్య "ఆగు టీచరమ్మా" అంటూ అడ్డం వచ్చాడు. "తప్పుకో, లేకపోతే నీ మీసాలకి అంటిస్తాను" అన్నాను. నిజంగానే అంటించేదాన్ని. తప్పుకున్నాడు.

గుంజ దగ్గరికి వెళ్ళేసరికి మా అత్త తన వల తెచ్చి కుప్ప పోసింది. ఇశ్రాయేలు చంకనిండా సరుగుడు కొమ్మలు తెచ్చి దాని మీద వేస్తున్నాడు. మా అత్త కంగారులో వలని గుంజకి నాలుగడుగులు ఎడంగా పోసింది. ఇశ్రాయేలు దాన్ని కాలితో లాగి, మిట్ట మీది మంట వంక ఓసారి చూసి, గుంజ మొదట్లోకి సరిగ్గా తెచ్చాడు. అప్పుడే నాకేదో తట్టింది. కానీ ఆలోచించే తీరిక లేదు. మట్ట అందులో పెట్టాను. నైలాను వల చిటపటలాడుతూ అంటుకుంది.

ఇక చెయ్యడానికేం లేదు. చెవులు రిక్కించి నిలబడ్డాం. మంటల చప్పుడులో ఇంజను వినబడలేదు. ఎంతసేపో తెలియదు. మా అత్త ఏదో గొణుగుతోంది. అమ్మవారి పేరు కాదు, కొడుకు పేరు. హేమసుందర్ పరుగున వచ్చి నోరు తెరిచాడు. నా మొహం చూసి మూసుకున్నాడు.

"తిరిగాడు" అంది మా అత్త.

అప్పుడు నాకూ వినబడింది, మూడు దెబ్బలకి ఒక దగ్గు. ఎదురుగా, దగ్గర్లో. విరుగుతున్న రెండు కెరటాల నడుమ నల్లటి నీళ్ళ మీద మా పడవ ముక్కు మంట వెలుగులోకి వచ్చింది. ఇసుకలో కూలబడ్డాను.

కూలబడి చూస్తుంటే మా పడవ వెనకాలే ఇంకోటి కనబడింది. దాని వెనక మరొకటి. మా ఊరి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ రెండూ ఒకే వరసలో, ఇటు గాని అటు గాని మూరెడు జరగకుండా, రోజూ నడిచే వీధిలో నడిచినట్టు మా మొగలోకి వస్తున్నాయి.

"ఎవరివి బాబాయ్ అవి?" అన్నాను.

ఇశ్రాయేలు నా వంక చూడలేదు. "మాయే అమ్మాయ్."

"మా దారి మీకెలా తెలుసు?"

"మా వైపు పూడిపోయి పద్నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ మీ దీపాలు చూసుకునే వస్తన్నాం. పొద్దుపోయాక వచ్చి, మీ రేవులో ఆగకుండా ఎగువకి పోతాం." కొమ్మలు గీరుకుని అతని చేతులు రక్తం కారుతున్నాయి. "మావోడు ఆ చివరి పడవలో ఉన్నాడు."

"శనివారం నువ్వు గుమ్మంలోనే కూర్చున్నావు."

"కూకున్నాను."

"ఆయన అడిగితే మేం అబద్ధం చెబుతుంటే విన్నావు. కొడుకు సముద్రంలో ఉండగా."

"ఎట్టా చెప్పను? మాకు తెలిసిందని మీకు తెలిస్తే దీపాలు తీసేత్తారనుకున్నాం. ఆదోరం నుంచి అన్నం తినలేదమ్మా నేను."

లేచి అతన్ని చెంపమీద కొట్టాలనిపించింది. ఆ చెంప మీదికి నీళ్ళు కారుతున్నాయి. పైన మిట్ట మీద నా పాక వాసాలు కూలుతున్నాయి. అతనొక్క మాట అంటే అది నిలబడి ఉండేది. నేనొక్క మాట రాస్తే నిలబడి ఉండేది. ఎవర్ని కొట్టను?

హేమసుందర్ దక్షిణం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. మంటలు చూస్తూ మేమంతా ఇటు తిరిగినప్పుడు ఎప్పుడు పోయాయో పోయాయి. ఆయన పుస్తకం తీశాడు.

"ఈ మంటలు ఎందుకు పెట్టారో చెప్పండి. నేను రాసుకోవాలి."

మళ్ళీ శనివారం లాగే అయింది. రెండు ఊళ్ళ జనం నోరు మెదపలేదు. మా అత్త కొంగు సర్దుకుంటూ "అమ్మోరికి..." అని మొదలెట్టింది.

"అత్తా, ఊరుకో" అన్నాను. లేచి నిలబడ్డాను. పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో, వెనక వరసకి కూడా వినబడేలా చెప్పాను. ఇది కింది దీపం, అది పై దీపం. రెండూ ఒకదాని మీదొకటి ఉంటే దారి. పైది ఎడమకి జరిగితే పడవ దక్షిణం మేట మీదికి పోతున్నట్టు. ఇసుక జరిగితే గుంజ జరపాలి.

పడవలోంచి దిగి నడుంలోతు నీళ్ళలో నడుచుకుంటూ కాశీరావు నా పక్కకి వచ్చాడు. పెదాలు ఎండిపోయి పగిలి ఉన్నాయి. జరిగిందేమీ అతనికి తెలియదు.

"నీకు మతిపోయిందా లక్ష్మీ? ఉప్పుదిబ్బోళ్ళందరి ముందూ చెప్పేత్తన్నావేంటి?"

కొట్టాను. ఇశ్రాయేలుకి పడాల్సింది, నాకు పడాల్సింది, ఆ తడి గుండె మీద పడింది. రెండోసారి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి అతని మెడ చుట్టూ వేసి గట్టిగా ఏడ్చేశాను.

ఆఫీసరు పుస్తకం పట్టుకుని నిలబడే ఉన్నాడు. మిగతాది ఇశ్రాయేలు చెప్పాడు. గుంజ ఏ నెలలో ఎటు జరపాలో, ఎన్ని అడుగులో, నాకంటే సరిగ్గా చెప్పాడు.